కొర్రమట్ట తవుడు తినదు

కోదాడలో ఒక కాలేజీ, జంతుశాస్త్రం ల్యాబు. పిల్లల ప్రాక్టికల్స్‌కు ఏళ్లుగా చేపలు తెచ్చిచ్చే సైదయ్య, మోతె దగ్గర ఊరి నుంచి ఇవాళ ఒకే ఒక్క చేపను ఐస్ పెట్టెలో మోసుకొచ్చాడు. లెక్చరర్ గీత కత్తెర చేతికి తీసుకునేసరికి అతను చేప మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

“కోసుడెందుకు మేడం? తవుడుల మందు కలిపి పోసిండని ఒక్క కాయితం రాసియ్యుండ్రి, చాలు.”

“కోయకుండా ఎలా రాస్తాను సైదయ్యా? ఎవరు పోశారంటున్నావు?”

“మా చెల్లె మొగుడు, వీరేశం. చేపల సంఘంలకెల్లి తీసేసినమని కడుపుమంట. తవుడు సంచి నెత్తిన పెట్టుకుని చెరువుకట్ట మీద పోతుంటె నేనే సూసిన. తెల్లారేసరికి కొర్రమట్టలన్ని ఎల్లెలకల తేలినయ్.”

“చల్లుతుంటే చూశావా?”

“సంచి సూసిన.”

“సంచి చూశావు.”

“బర్రెకు అన్నడు. దొరికినోడు అట్లనే అంటడు గద. జర జల్ది కానియ్యుండ్రి మేడం, గాడ నా కోసం ఆగిండ్రు.”

“ఇటు పట్టుకో. పళ్ళు చూడు, లోపలికి వంగి ఉన్నాయి, పట్టిందంటే వదలదు. ఇదిగో పొట్టి గొట్టం. ఇది పొట్ట, మందపాటి సంచి. దాని చివర రెండు వేళ్ళలాంటివి. అక్కణ్ణించి పేగు. ఆ స్కేలు ఇవ్వు.”

“దినాం తీసి పారేస్త మేడం ఇవి.”

“ఎప్పుడైనా కొలిచావా? చేప పద్దెనిమిది అంగుళాలు, పేగు పదకొండు. రవ్వ చేపకైతే ఒంటికి ఏడెనిమిదింతలు ఉంటుంది. తవుడూ నాచూ అరగాలంటే అంత పొడుగు కావాలి. ఇది మాంసం తినేది. చెరువులో తిరిగే కొర్రమట్ట తవుడు ముట్టదు సైదయ్యా.”

“తవుడు తిన్న సిన్న చేపను మింగి ఉంటది.”

“ఉండొచ్చు. బొచ్చెలు, రవ్వలు ఎన్ని చచ్చాయి?”

“కొర్రమట్టలు మస్తు సచ్చినయ్ మేడం.”

“బొచ్చెలు అడిగాను.”

“అవి బానే ఉన్నయ్.”

“తవుడు తినేవి బాగుండి, తిననివి చచ్చాయా?”

“కాయితం రాయుండ్రి మేడం. నా చెల్లె నా మొకం సూస్తలేదు. నేను అబద్దం ఆడలేదని దానికి సదివి ఇనిపియ్యాలె.”

“వీరేశాన్ని కొట్టారని విన్నాను.”

“తూము కాడ కట్టేసిండ్రు. అందరు తలొక దెబ్బ ఏసిండ్రు.”

“నువ్వు?”

“అందరు అంటే అందరే గద.”

“మొదటి దెబ్బ ఎవరిది?”

“సూర్యాపేట దవాఖానకు తీస్కపోయినం మేడం. కిరాయి బండి నేనే మాట్లాడిన.”

“ఇప్పుడెలా ఉన్నాడు?”

“ఇంటికి తెచ్చినం. మీరు పొట్ట కోయుండ్రి.”

“కోస్తున్నాను. కప్పలు. నాలుగు, ఐదు. చేపపిల్ల ఒక్కటీ లేదు. నమలదు కాబట్టి మింగినవి చాలావరకు అలాగే ఉన్నాయి. ఈ కప్ప నోట్లో ఏమిటివి?”

“ఇసుక.”

“ఊదారంగు ఇసుకా?”

“ఐస్ పెట్టె రంగు అంటి ఉంటది.”

“చేత్తో ముట్టుకోకు. గుళికలివి, వరి నారుమడిలో చల్లేవి. మందు తగిలిన కప్పలు నీళ్ళలోకొచ్చి కొట్టుకుంటే ఇవి మింగేశాయి. విషం తవుడులో లేదు, కప్పల్లో ఉంది. చెరువును ఆనుకుని నారుమడి ఉందా?”

“ఊరన్నంక మడులుండయా.”

“ఆనుకుని.”

“చెరువు శికంల, నీళ్ళ అంచుకే ఒకటున్నది.”

“ఎవరిది?”

“ఫ్యాన్ ఎయ్యుండ్రి మేడం, ఉబ్బరిస్తున్నది.”

“ఎవరిది సైదయ్యా?”

“మూడు గుంటలే మేడం.”

“ఎన్ని గుంటలని అడగలేదు.”

“నాదే. చేపలు తేలిన ముందటి దినమే గుళికలు సల్లిన. కప్పలు గిలగిల కొట్టుకునుడు గూడ సూసిన. కప్పలని ఎవలు పట్టించుకుంటరు మేడం. నాకేం ఎరుక.”

“కూర్చో. నీళ్ళు తాగు.”

“మొదటి దెబ్బ గూడ నాదే.”

“కాగితం రాస్తాను. ఉన్నది ఉన్నట్టు. తీసుకెళ్ళి ముందు వీరేశానికే చదివి వినిపించు. కాళ్ళు పట్టుకో. తిడతాడు, తిట్టనీ. కోలుకున్నాక ఎప్పటికైనా నీతో మాట్లాడతాడు.”

“ఆయనకే సదువుత మేడం. ఇయ్యాల మూడో దినం. పొద్దటి సంది మా చెల్లె ఆయనను పూడ్సిన బొంద కాడ పిట్టకు ఇస్తారి పెట్టి కూసున్నది. పిట్ట ఒక్క మెతుకు ముడుతలేదు.”