పిన్నులు కొట్టిన పేజీలు

"అమ్మమ్మా, దుబాయిల ఉన్న మామ నీ మీద గరమైండట గదా, ఏమైంది?"

ఏమైందా! ఇగో, గిట్ల దగ్గరికి కూసో, చెప్త. మీ మామ బిడ్డ, మన గ్రేసు, సర్కారు బడిల మూడోది సదువుతున్నది గదా. దాని పుస్తకంల ఒక దిక్కు ఇంగ్లీషు, ఒక దిక్కు తెలుగు. రెండు దిక్కుల ఒక్కటే పాఠం. మంచిగ లేదా? మంచిగనే ఉన్నది! గాని మీ మామ ఫోన్ జేసి, తెలుగు కనవడ్తే పోరి ఇంగ్లీషు మొకం సూడది, గా తెలుగు పేజీలు మడిచి స్టాప్లర్ పిన్నులు కొట్టుమన్నడు. మీ అత్త కొట్టింది. ఆమెను సూసి మన లక్సెట్టిపేటల ఇంకో నలుగురు తల్లులు సుత కొట్టిరి! అరె, పుస్తకానికి నోరు కుట్టినట్టే గదా బిడ్డా.

వాని బాధ అబద్ధమని నేననలే. గాడ ఇంగ్లీషు రాక, ఫోర్‌మన్ తిడుతుండో మెచ్చుకుంటుండో తెల్వక, ఊకె నవ్వుకుంట నిలవడ్డనవ్వా అని నాతోని ఏడ్సిండు. నాకు తెల్వదా? మా బాపు నన్ను మిషన్ బడికి పంపినప్పుడు... లే లే, బాపు గాదు, మా పెద్దమ్మ పంపింది, బాపు వద్దన్నడు... సరే, గది ఇడిసిపెట్టు, గాడ ఇంగ్లీషు సమజ్ గాక నేను సుత గట్లనే నిలవడ్డ.

పోరి ఏంజేస్తదంటే, ఇంగ్లీషు గడగడ సదువుతది. మతలబేందే అంటే తల దించుకుంటది. ఒకనాడు బడికే పోనని మంచం కోడు పట్టుకున్నది. నాకు కోపమొచ్చింది సూడు! కూరగాయల కత్తి మొన పెట్టి పిన్నులన్ని పీకేసిన. పోరి తెలుగు దిక్కు సదివి, "నాయినమ్మా, గిది వాన ఎట్ల వడ్తదో చెప్తున్నది!" అని ఎగిరింది. మల్ల ఇంగ్లీషు దిక్కుకు పోయి, వేలు పెట్టుకుంట ఒక్కొక్క మాట పట్టుకున్నది. నేను సుత మోకాళ్ల నొప్పులు మర్చి ఎగిరిననుకో!

గందుకే మీ మామ గరమైండు. నీకేమెర్క అవ్వా, దాని బతుకు ఖరాబ్ జేస్తవా అన్నడు. నేను ఊకుంటనా? ఫోన్ పోరి చేతికిచ్చిన. పాఠం ఇంగ్లీషుల చెప్పింది, దాని మతలబు తెలుగుల చెప్పింది. వాడు ఫోన్ల మొకం పక్కకు తిప్పుకున్నడు. మల్ల ఇటు తిరిగి అన్నడు, "బిడ్డా, గా రెండు పేజీలు నాకు సుత సూపియ్యి."

ఇప్పుడు రోజు డ్యూటీ అయినంక వాడు కూసుంటడు, పోరి చెప్తది. తప్పు పలికిండా, "డాడీ, మల్ల తెలుగు దిక్కు సూడు" అని గద్దిస్తది! నా కొడుకు సదువుతుండు బిడ్డా, నా కొడుకు! నువ్వు సల్లగుండు, రేపు నీ పిల్లలకు సుత రెండు దిక్కులు... అగో, ఫోన్ మోగుతున్నది. గ్రేసూ, మీ డాడీనే! పుస్తకం తే, ఉరుకు!