చిక్కుడు పందిరికి జిల్లేడు మండ

“అమ్మమ్మగారూ, మీ చిక్కుడు తీగకి పట్టిన పేనుబంక పోయిందట కదా, ఎలాగండీ? మా బెండ మొక్కలకీ పట్టేసింది. ఏం మందు కొట్టారు?”

మందా? నేనేం కొట్టలే బిడ్డా. జర కూసో, ఆ స్టూలు ఇటు జరుపుకో, పందిరి కింద ఎండ తగలదు. కింది ఇంట్ల కిరాయికొచ్చి ఏడాదాయె, డాబా మీదికి ఎక్కుడు ఇయ్యాల్టికి కుదిరిందా నీకు? సరే తియ్, ఆఫీసులు గట్లనే ఉంటయ్.

ఏమంటున్న... ఆఁ, చిక్కుడు. ఇది మా అత్తది. అంటే ఆమె విత్తనం. ఇదే నార్సింగిల మాకు కూరగాయల తోట ఉండె. అగో, ఆ ఎత్తు అపార్టుమెంట్లు కానొస్తున్నయ్ గదా, వాటెనుక... కాదు కాదు, వాటి కిందనే అనుకో. చిక్కుడు, బెండ, వంకాయ, గంపలల్ల నింపుకొని మెహిదీపట్నం అంగడికి తీస్కపోదుము. చిక్కుడు కిలో రెండు రూపాయలు పలికిందంటే ఆ దినం మా మామ అందరికి తోవల చాయ్ తాగిపిచ్చేటోడు. తోట పోయేనాటికి అత్త లేదు. నేను గిన్ని గింజలు కొంగున ముడేసుకొని వచ్చిన. ఆమె ఫోటో ఒక్కటి లేదు బిడ్డా మా ఇంట్ల. ఈ కాయనే ఉన్నది. చూడు, అంచుకు ఎర్రగ గీత ఉంటది, ఏ దుకాణంల దొరకదు. పోయిన ఏడు దాచిన గింజలు ముక్కపురుగు తినేసింది. మిగిలినయి పెడితే ఒక్కటే మొలిచింది. ఇదే, ఈ తీగ. ఇది పోతే మా అత్త విత్తనమే పోయినట్టు.

సరిగ్గ పూతకొచ్చినప్పుడే పట్టింది పేనుబంక. చలి ముదిరితే వస్తది గదా, ఆవగింజంత నల్ల పురుగులు, రసం పీలుస్తయ్, కొసలన్నిటికి అంటుకపోయినయ్. ఎనకటికైతే పొద్దుగాల మంచు ఆరకముందే పొయ్యిల బూడిద జల్లుదుము. ఇప్పుడు పొయ్యే లేదాయె, బూడిద ఏడికెల్లి వస్తది? యాపగింజల కషాయం చెయ్యొచ్చు, కానీ పూత మీద ఏదీ కొట్టనిచ్చేది కాదు మా అత్త. తేనెటీగ వచ్చే యాళ్ల అనేది. నేను గూడ ఊకున్న. ఎందుకంటే అక్షింతల పురుగులు వచ్చినయ్. తెలుసు గదా, ఎర్రగ, నల్ల చుక్కలు, గుండ్రంగ ఉంటయ్. గవి ఈ పేనుబంకను తింటయ్. వాటి పిల్లలైతే ఇంకా ఎక్కువ తింటయ్. అమ్మయ్య, ఇగ ఫికర్ లేదు అనుకున్న.

మా కోడలు స్వప్న నీ లెక్కనే సాఫ్ట్‌వేర్. మంచి పిల్ల, నోట్లకెల్లి గట్టి మాట రాదు. ఒక శనివారం నన్ను నా కొడుకు కండ్ల దవాఖానకు తీస్కపోయిండు. నేను తిరిగొచ్చేసరికి ఈ పిల్ల చేతికి తొడుగులేసుకొని నిలవడ్డది. “అత్తమ్మా, మీ తీగ సాఫ్ చేసిన. నల్లగ ముండ్లున్న పురుగులు, ఒక్కటి ఇడిసిపెట్టలే” అన్నది. సబ్బు నీళ్ల బకీటుల చూస్తే ఏమున్నది, అన్నీ అక్షింతల పురుగు పిల్లలే. తల్లి ముద్దుగుంటది గానీ, పిల్లలు చిన్న మొసళ్ల లెక్క ఉంటయ్, ఎవలికైనా చంపబుద్ధైతది. పేనుబంక మాత్రం ఎక్కడిదక్కడ ఉన్నది. దాన్ని ఆకు మీద మసి అనుకున్నదట ఈ పిల్ల. నాకు ఏడ్పొచ్చింది. దాచుడెందుకు, ఈ మెట్ల మీద కూసుండి ఏడ్సిన. ఆ పిల్లను తిట్టబుద్ధి కాలే. నాకోసమే చేసింది గదా, పాపం అదే ఎక్కువ పరేషాన్ అయింది. “ఇంకేం ఉపాయం లేదా అత్తమ్మా” అంటది.

అప్పుడు యాదికొచ్చింది. నేను కొత్త కోడల్ని ఉన్నప్పుడు మా అత్త బీడు పొంటి పోయి జిల్లేడు మండలు ఇరుసుకొచ్చి చిక్కుడు పందిరికి కట్టేది. దిష్టికేమో అనుకున్న నేను. దండం గూడ పెట్టిన ఒకసారి, ఆమె నవ్వి నవ్వి పొలమారింది. దిష్టి కాదు పిచ్చిదానా, దగ్గరికొచ్చి చూడు అన్నది. జిల్లేడుకు పసుపుపచ్చ పేనుబంక ఉంటది. అది చిక్కుడు జోలికి రాదు. దాన్ని తినేటందుకు అక్షింతల పురుగులు గుంపులుగ ఉంటయ్. మండ వాడిపోంగనే అవి నడుసుకుంట చిక్కుడు మీదికొస్తయ్. మా అత్త చదువుకోలే, ఎవలు చెప్పిండ్రో ఆమెకు, నేను అడగనే లేదు.

ఇగ స్వప్న స్కూటీ మీద ఎనుక కూసున్న. ఎటు పోయినా గోడలు, లేకుంటే సెల్లార్లకు తవ్విన గుంతలు. జిల్లేడు గూడ దొరకని దినం వస్తదని ఎవలనుకున్నరు బిడ్డా? ఆఖరికి ఒక ఖాళీ ప్లాటుల కానొచ్చింది. వాచ్‌మన్ “పూజకా అమ్మా” అన్నడు. పురుగుల కోసం అంటే మమ్మల్ని కింది నుంచి మీదికి చూసి గేటు తీసిండు. కొమ్మలు బట్టసంచిల పెట్టుకొని, పురుగులు రాలకుండ ఒడిల పట్టుకొని తెచ్చిన. పందిరికి కట్టి, చీమలు ఎక్కకుండ తీగ మొదలుకు ఆముదం గుడ్డ చుట్టినం. చీమలకు పేనుబంక అంటే మస్తు ఇష్టం, అక్షింతల పురుగును కొరికి తరుముతయ్.

పురుగులు చిక్కుడు మీదికొచ్చి పేనుబంకను తినేదాక కింది కొమ్మలు పోయినయ్. అబద్ధమెందుకు, సగం తీగ ఎండింది. పై సగం బతికింది. అగో, ఆ గుత్తి చూడు, దాన్ని ఎవ్వలం ముట్టం. విత్తనానికి. మా స్వప్న నన్ను గూడ ముట్టనియ్యది.

తర్వాత ఆ ప్లాటుల గూడ తవ్వే మిషన్ దిగింది. అది తెలిసి స్వప్న ఏం చేసిందనుకున్నవ్, ఒక జిల్లేడు మొక్కను ఏర్లతోని పెకిలించుకొచ్చి రంగు డబ్బల పెట్టింది. ఇంటి మీద జిల్లేడేంది, నలుగురు ఏమంటరు అన్న. “బయట లేదు గదా అత్తమ్మా, మరి అవి ఏడుంటయ్?” అన్నది. ఇగ నేనే దానికి చెంబెడు నీళ్లు పోసిన. మొన్న నేను లేసొచ్చేసరికి స్వప్న ఆ డబ్బ కాడ గొంతుకూసొని, ఒక నల్ల ముండ్ల పిల్లను పుల్ల మీద ఎక్కించి చిక్కుడు ఆకు మీద ఇడుస్తున్నది. నన్ను చూసి, ఉష్, చప్పుడు చెయ్యకండి అన్నట్టు చెయ్యి ఊపింది. మా అత్త ఉంటే బాగుండు అనిపించింది బిడ్డా.

నీ బెండకు గూడ ఒక మండ తీస్కపో. ఆ కత్తెర ఇటియ్యి. పాలు కారుతయ్, కండ్లకు తగలనియ్యకు. నీ చెట్టుకు ఏ పురుగు పట్టినా, దాన్ని తినే పురుగు నీ ఇల్లు ఎతుక్కుంట రావాలె. సల్లగుండు.