లంగరు గొలుసుకు అతుకు

1983 ఆగస్టు. టెక్సాస్ తీరానికి తుఫాను రేపో మాపో అంటున్నారు. పడవ లంగరు గొలుసు చాలదని సుందర్ రాజు ఇంకో ముక్క కొన్నాడు. రెంటినీ కలపడం తెలిసినవాడు ఎవడా అనుకుంటుండగా, ఒకప్పుడు విశాఖ రేవులో పనిచేసిన దైవాశీర్వాదం, సుందర్ రాజు భార్య లూసీకి సొంత అన్న, నాలుగ్గంటల దూరంలోని ఇర్వింగ్ నుంచి పిలవకుండానే రాత్రి వచ్చి దిగాడు. ఆడబోయిన తీర్థం ఎదురైందనుకున్నాడు సుందర్ రాజు, పాపం. పొద్దున్నే తను ముందు పడవ దగ్గరికి వెళ్ళాడు, దైవాశీర్వాదం కాసేపటికి వెనకాలే సుత్తి పట్టుకుని వచ్చాడు.

“...ఈ లింకు రెండు సగాలు బావగారూ. ఒకదాని రివెట్లు ఇంకోదాని కన్నాల్లోంచి వస్తాయి. వాటి తలలు సుత్తితో అణిచేస్తే రెండు గొలుసులూ ఒకటే. గట్టిగా పట్టుకోండి.”

“చూసి కొట్టు బావా. నా వేళ్ళు అక్కడే ఉన్నాయి.”

“కనిపిస్తున్నాయిలెండి.”

“ఇంకెన్ని దెబ్బలు?”

“రివెట్‌కా, లూసీకా?”

“అదేం మాట? బాత్‌టబ్‌లో జారి పడింది. డాక్టర్‌కీ అదే చెప్పాం.”

“చెప్పాం. ఇద్దరూనా?”

“నేను చెప్పాను. తను తలూపింది. చెయ్యి లాగేస్తోంది బావా, కాస్త వదలనా?”

“వదలకండి. పడితే చెయ్యి విరుగుతుంది, సరే. మెడ మీద నాలుగు వేళ్ళ అచ్చు ఎలా పడింది?”

“ఎవరు చెప్పారు నీకు?”

“రాత్రి అన్నం వడ్డిస్తుంటే చూశాను.”

“అది మా ఇంటి విషయం. నువ్వు...”

“సరిగ్గా పట్టుకోండి.”

“అమ్మా... నా వేలు... కావాలనే కొట్టావు. కావాలనే.”

“జారింది. బాత్‌టబ్‌లో జారినట్టే. చెయ్యి తీయకు.”

“రక్తం బావా. గొలుసు మీంచి కాలు తియ్యి, చెయ్యి కింద నలిగిపోతోంది.”

“తీస్తాను. దాన్ని దేంతో కొట్టావు?”

“ఇందాకటిదాకా మీరు, గారు అన్నావు...”

“ఇంకా నాలుగు వేళ్ళున్నాయి. దేంతో?”

“వద్దు, వద్దు. చెప్తా. కార్లో ఉండే జాకీ రాడ్‌తో. ఒక్కసారే.”

“ఒక్కసారే?”

“మూడు. మూడుసార్లు. ఎదురు మాట్లాడింది బావా. ఆఫీస్‌లో లేఆఫ్స్, నా టెన్షన్ నీకు తెలీదు. ప్లీజ్, సుత్తి దించు.”

“ఇకమీద దాని మీద చెయ్యి వేయనని చెప్పు.”

“వేయను. ఒట్టు. వేయను.”

“తియ్యి చెయ్యి.”

“చితికిపోయింది... ఎముక కనిపిస్తోంది. సరే దైవాశీర్వాదం. ఇవాళ సుత్తి నీ చేతిలో ఉంది. నువ్వు ఇర్వింగ్ పోతావు. నేను ఇంటికి పోతాను. నా ఒక్క వేలికి దానివి రెండు.”

“ఏమన్నావ్?”

“కొట్టు. చంపెయ్. చంపకపోతే దానికే పడతాయి. నువ్వా నాకు చెప్పేది? దయ్యాలు వేదాలు వల్లించినట్టుంది. మార్చిలో అది పారిపోయి నీ ఇంటికొస్తే ఏం చేశావు?”

“ఊరుకో.”

“చెప్పు, ఏం చేశావు? నాలుగ్గంటలు డ్రైవ్ చేసి తెచ్చి నా గుమ్మంలో దింపావు. నేను అడిగానా? ఫోన్ కూడా చేయలేదు. చర్చిలో పరువు పోతుందని నువ్వే దింపావు.”

“దింపాను.”

“దేవుడు జతపరిచాడు, సర్దుకుపోమ్మా అన్నావు. నా ముందే అన్నావు.”

“అన్నాను సుందర్. అన్నాను.”

“మరి ఇవాళ ఈ పౌరుషం ఎవరికోసం? ఉండు, ఇంటికెళ్ళి దాన్నే అడుగుతాను.”

“ఇంట్లో లేదు.”

“ఏంటి?”

“పొద్దున నువ్విటు బయల్దేరగానే ఎవరిదో కారొచ్చింది. సూట్‌కేసు ఒంటిచేత్తో తనే మోసుకుంది. నన్ను ముట్టుకోనివ్వలేదు.”

“ఎక్కడికి? బావా, ఎక్కడికి పంపావు దాన్ని?”

“నాకూ తెలీదు. ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. ‘చెప్తే నువ్వు మళ్ళీ తెచ్చి దింపుతావన్నయ్యా’ అంది.”