రెండో కాయితం

మధ్యాహ్నం, ఆసుపత్రి ల్యాబు వెనక గది. ఆపరేషన్లో తీసిన గడ్డల్ని పల్చగా కోసి గాజు పలకల మీద పరచడం చెల్లెలి ఉద్యోగం. అక్క టైలరు. కడుపు మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నా రెండంతస్తులు ఎక్కి వచ్చేసింది, అంత కోపం మీద ఉంది మరి.

"సొరుగు తాళం ఇటియ్యి."

"అక్కా, మెల్లిగా. లోపల డాక్టరుగారున్నారు."

"ఉండనీ. వినాలనే అరుస్తున్నా. రిపోర్టు వచ్చిందా అని మూడుసార్లడిగాను. ఏమన్నావు?"

"రాలేదన్నాను."

"వచ్చి పదిరోజులైంది, మీ చెల్లెలే సంతకం పెట్టి తీసుకెళ్ళిందంటోంది కౌంటర్లో అమ్మాయి! గడ్డ నాది, కడుపు నాది, నాకు తప్ప అందరికీ తెలుసు. ఏంటా కూర్చోడం, కడుపు పట్టుకుని వంకరగా? లేచి తాళం తియ్యి."

"పొద్దున్నుంచీ ఏం తినలేదులే. చెప్తాను, ముందు నువ్వు కూర్చో."

"కూర్చోను. క్యాన్సరేనా?"

"అదీ..."

"నోరు పెగలదా? క్యాన్సరేనా?"

"అవును. అండాశయంలో. ఎండోమెట్రియాయిడ్ అంటారు, గర్భసంచి లోపలి పొరలా కనబడే రకం. గ్రేడ్ మూడని రాశారు."

"మూడంటే? ఆఖరిదా?"

"కాదు కాదు, నువ్వనుకునేది స్టేజీ, ఎంతదూరం పాకిందీ అని. నీది మొదటి స్టేజే, అండాశయం దాటలేదు. గ్రేడంటే కణాలు ఎంత అడ్డదిడ్డంగా ఉన్నాయీ అని. మూడంటే... మొండిరకం. తిరగబెట్టే రకం."

"అది తెలిసీ నోరు మూసుక్కూర్చున్నావా! స్కూళ్ళు తెరిచేలోపు రెండొందల యూనిఫారాలు కుట్టి ఇస్తానని మొన్ననే ఒప్పుకున్నానే!"

"ఆ రిపోర్టు తప్పు గనకే చెప్పలేదు! ఆ పలకలు చేసింది నేను. పదహారేళ్ళనుంచీ ఇదే పని. నీ గడ్డలో అక్కడక్కడ చర్మం లాంటి కణాలు ముద్దకట్టి ఉన్నాయి. గ్రేడ్ వేసేటప్పుడు వాటిని వదిలెయ్యాలి. లోపలున్న కొత్త డాక్టరు వాటినీ కలిపేశాడు."

"నాకర్థమయ్యేలా చెప్పి ఏడు."

"పై గుడ్డ ఎంతుందో చెప్పమంటే, లైనింగు కూడా కలిపి కొలిచేశాడు."

"అలాంటివాడి చేతికి టేపెవరిచ్చారు! నువ్వేమన్నావు?"

"అదే అన్నాను. 'నీ పని కొయ్యడం, చదవడం కాదు' అన్నాడు. అందుకే పలకలు సంచీలో వేసుకుని పెద్దాసుపత్రిలో పెద్ద డాక్టరు మేడంగారి దగ్గరికి పట్టుకెళ్ళాను."

"ఎవర్నీ అడక్కుండానా? ఉద్యోగం ఊడుతుందే, పిచ్చిమొహమా!"

"ఊడనీ. ఆవిడ గ్రేడ్ ఒకటని రాశారు. ఒకటి, అక్కా! ఆపరేషన్‌తోనే సరిపోవచ్చట. మూణ్ణెల్లకోసారి చూపించుకుంటే చాలట. ఇంత ముందుగా దొరికితే నూటికి తొంభైమంది బాగానే ఉంటారన్నారు."

"అంటే... బతుకుతానా?"

"బతుకుతావు. ఇలాగే నన్ను తిట్టుకుంటూ బతుకుతావు."

"ఏదీ, ఆవిడ రాసిన కాయితం చూపించు. ఇదెప్పుడొచ్చింది?"

"ఇవాళే."

"ఇవాళ పదహారు. ఇక్కడ పన్నెండు వేసుంది."

"ఆ... పన్నెండే అనుకుంటా."

"అనుకుంటావా? చెడ్డమాట దాచావు, సరే, తప్పుగా రాశారనుకున్నావు. మంచిమాట నాలుగురోజులు ఎందుకు దాచావే? నాలుగురోజులూ ముద్ద దిగలేదు నాకు!"

"పనిలో పడి..."

"పనిలో పడి! ఆ వెనక్కి దాచిన కాయితమేంటి?"

"నీకక్కర్లేదది. ఏదో మామూలు పరీక్ష."

"ఇటు తే."

"వద్దక్కా. నీకు చేతిలో ఉన్న మొదటి కాయితం చాలు."

"తెమ్మన్నానా! ఏం రాసిందీవిడ... 'కణాల్లో తప్పులు దిద్దే ప్రొటీన్లు కనబడలేదు. ఈ క్యాన్సరు తెచ్చే లోపం వంశంలోనే ఉండొచ్చు. తోబుట్టువులకి వెంటనే పరీక్షలు చేయించాలి.'"

"ఉండొచ్చు అన్నారంతేగా. జాగ్రత్తకి అందరికీ అలాగే రాస్తారు."

"నాకున్నది నువ్వొక్కదానివేగా."

"అక్కా, ఇంక ఇంటికి వెళ్ళు. కుట్లు లాగుతాయి."

"నా కుట్ల సంగతి తర్వాత. చెయ్యి తియ్యి. తియ్యవే కడుపు మీంచి చెయ్యి! ఎన్నాళ్ళనుంచి నీకీ నెప్పి?"