అక్క జిరాక్స్

కొత్తగా తెరిచిన జిరాక్స్ షాపు. కౌంటరు ఇవతల అక్క, అవతల చెల్లెలు.

“ఆ బోర్డు మీద అక్క ఎవరే?”

“ముందు కూర్చో అక్కా. ఎండన పడి వచ్చావు.”

“అడిగినదానికి చెప్పు. మన ఇంట్లో ఆఖరిదానివి. నిన్ను అక్కా అని పిలిచినవాడు ఈ భూమ్మీద లేడు. ‘అక్క జిరాక్స్’ అని ఏ మొహం పెట్టుకుని రాయించావు?”

“ఈ వీధిలో అందరూ అలాగే అంటారు కదా.”

“నన్ను అంటారు.”

“మొదట్లో నిన్నే అన్నారు. ఇప్పుడు కాపీ తీసేచోటల్లా అక్కే. బ్యాంకు పక్కన మీసాలాయన లేడూ? ఆయన షాపుకి పంపేటప్పుడు కూడా ‘అక్క దగ్గర తీయించుకురా’ అనే పంపిస్తున్నారు.”

“ఆయనేమంటున్నాడు?”

“అలవాటు పడ్డాడు.”

“నన్ను నవ్వించి తప్పించుకోకు.”

“తప్పించుకోవడమేముంది? నీ మిషన్ మీద జిరాక్స్ అని ఉందా? ఇంకేదో కంపెనీ పేరుంది. బోర్డు మీద మాత్రం జిరాక్స్ అని రాయించలేదూ?”

“అది వేరు. మొదట వచ్చిన మిషన్లు వాళ్ళవి, ఆ పేరే జనం నోటికి పట్టింది. ఇక దేంట్లో తీసినా జిరాక్సే. నేను పద్ధతిగా ‘ఫోటోకాపీ’ అని రాయిస్తే ఏమైంది? ఫోటో స్టూడియో అనుకుని పిల్లలకి పౌడరు రాసి తీసుకొచ్చారు.”

“మా పేరు అలా వాడకండి బాబూ అని ఆ కంపెనీవాళ్ళు మొత్తుకున్నారట కూడా. నువ్వే చెప్పావు. జనం నోట్లో పడ్డ పేరు ఇక ఎవరి సొంతమూ కాదు అన్నదీ నువ్వే.”

“అన్నాను. వాళ్ళది పెద్ద కంపెనీ, ఇది పోతే ఇంకోటి. నేను సంపాదించుకున్నది ఆ ఒక్క పిలుపే. అదీ ఎప్పుడు లాక్కున్నావు? నా మిషన్ రిపేరుకి పోయి, షాపు మూతపడ్డప్పుడు. కాగితం ఇరుక్కుంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేదానివి. పని నేర్పింది నేను.”

“నువ్వెలాగూ మానేస్తావన్నారు.”

“ఎవరన్నారు?”

“ఎవరో. మోకాళ్ళ నొప్పులు, నిలబడలేకపోతోంది, ఇక ఇంటిపట్టున ఉంటే మంచిది అని…”

“నా మోకాళ్ళ సంగతి వీధిలోకెలా వచ్చిందే?”

“బావ నీకేమీ చెప్పలేదా?”

“ఆయన్నెందుకు లాగుతావు? పాపం, రోజూ ఆ మెకానిక్ చుట్టూ తిరిగొస్తున్నాడు. అది సరే, నీ మిషన్ ఏది? తెర వెనక పెట్టావేం?”

“దుమ్ము పడుతుందని.”

“ఇదిగో, నా కార్డు. ఒక కాపీ తియ్యి.”

“ఇప్పుడా? కరెంటు…”

“నెత్తిన ఫ్యాను తిరుగుతోంది.”

“సరే, ఇటివ్వు… ఊఁ, ఇదిగో.”

“ఈ మూల ఏమిటిది?”

“ఏముంది? ఏదో మరక.”

“మరక కాదు. కొడవలిలా ఉంది చూడు, ఈ గీత. అద్దం తుడుస్తుంటే మీ బావ పెట్టిన ఉంగరం గీసుకుపోయింది. అప్పట్నుంచి నేను తీసిన ప్రతి కాగితం మీదా, ఇదే మూల, ఇదే గీత.”

“అక్కా…”

“తెర తియ్యి.”

“నువ్వే ఇచ్చెయ్యమన్నావని చెప్పాడు బావ. తనే వ్యానులో ఎక్కించి తెచ్చాడు. ఆ బోర్డు కూడా తనే రాయించి…”

“నేనే ఇమ్మన్నానంటే నమ్మావా?”

“నమ్మితే నాకు బాగుంటుంది కదా అని నమ్మాను. ఏదో ఒకటి అనక్కా. తిట్టు.”

“నిన్ను తిట్టి ఏం లాభమే? నువ్వు జిరాక్సువి. ఒరిజినల్ మా ఇంట్లో కాలు మీద కాలేసుకుని పేపరు చదువుకుంటోంది.”