ఏడో నంబర్ పెట్టె

నా పేరు గ్రేసమ్మ. భర్త హనోకు, కాలం చేశాడు. వయస్సు 71 సంవత్సరాలు. పూర్వం బడి హాస్టల్లో వంట చేసేదాన్ని, ఇప్పుడు ఏ పనీ లేదు. నివాసం నారాయణఖేడ్, చల్లని నీడ వృద్ధాశ్రమం. పోలీసువారు ఆశ్రమానికే వచ్చి నా వాంగ్మూలం రాసుకుంటామన్నారు. మేనేజరు వింటుండగా చెప్పడం ఇష్టం లేక నేనే ఆటో ఎక్కి స్టేషన్‌కు వచ్చాను.

స్టోరు తాళం పగలగొట్టి పెట్టె దొంగిలించానని మా మేనేజరు స్వరూపరాణి నా మీద ఫిర్యాదు ఇచ్చింది. తాళం పగలగొట్టింది నేనే. పెట్టె మాత్రం దొంగిలించలేదు. అది నాది.

మా ఆశ్రమంలో పేర్లతో పని లేదు, అంతా మంచం నంబరే. పళ్లెం మీద, చీర కొంగు మీద, పెట్టె మీద అదే రాస్తారు. నాది ఏడు. పెట్టెల తాళంచెవులు కూడా మేనేజరు దగ్గరే ఉంటాయి. జూలై 12న జ్వరం ఎక్కువై నన్ను సంగారెడ్డి దవాఖానకు తీసుకుపోయారు. పోయేముందు పెట్టె గడియకు నల్లదారం చుట్టి మూడు ముళ్లు వేశాను. ఆశ్రమంలో నేను ఎవరినీ నమ్మను, వంటమనిషిని అసలే నమ్మను. దిండు కింది బైబిలు తీసుకున్నాను గాని, కళ్లద్దాలు పెట్టెలోనే మరిచాను.

23వ తేదీ సాయంత్రం నాలుగింటికి తిరిగి వచ్చాను. ఏడో మంచం మీద కంగ్టి నుంచి కొత్తగా వచ్చిన కిష్టవ్వ కూర్చుని ఉంది. ఒంటి మీద నా నీలం చీర, ముక్కు మీద నా అద్దాలు. నేను ఇక రానేమోనని మంచం ఆమెకు ఇచ్చారట. మంచంతోపాటు ఏడో నంబరు వేసినవన్నీ ఇచ్చారట. పెట్టెకు దారం లేదు. నాకు మూడో మంచం చూపించారు.

కిష్టవ్వే దొంగ అనుకున్నాను, ఆ మాట మొహం మీదే అన్నాను. ఆమె గొడవ పడలేదు. "నాకిచ్చిండ్రు, పెట్టుకున్న. గీ అద్దాలల్ల అంతా మసక కొడ్తుందక్కా, పట్టు" అని తీసి ఇవ్వబోయింది. నాకు సిగ్గేసింది. ఇంతలో స్వరూపరాణి వచ్చి ఆమె చేతిలోంచి అద్దాలు లాక్కుని పెట్టెలో వేసి, పెట్టెను స్టోరులో పెట్టి తాళం వేసింది.

"ఏడో నంబర్ సామాను మూడో నంబర్‌కు ఎట్లిస్త? గీ పంచాయితీ తేలేదాంక ఎవ్వల్లకూ లేదు" అంది.

ఐదు రోజులు అడిగాను. రేపంది, ఆశ్రమం నడిపే ట్రస్టువాళ్లు రావాలంది, ఒకసారైతే ఆ పెట్టెలో అద్దాలే లేవంది. నేను చూస్తుండగా వేసినవి లేవంటే మేనేజరు మీద నా అనుమానం గట్టిపడింది. ఆ ఐదు రోజులూ బైబిలు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నాను.

28వ తేదీ ఉదయం ఎనిమిదింటికి, అందరూ ఉప్మా తింటున్నప్పుడు, వంటింటి రుబ్బురోలు పొత్రంతో తాళం మీద నాలుగు దెబ్బలు కొట్టాను. పెట్టెను నా మంచం దాకా ఈడ్చుకొచ్చాను. మూత తీయకముందే పట్టుకున్నారు. పోలీసువారు వచ్చి పెట్టెను స్టేషన్‌కు తెచ్చారు. ఇప్పుడది ఎస్ఐ గోవర్ధన్ గారి టేబుల్ పక్కన ఉంది.

ఇంతవరకు రాసిన కానిస్టేబుల్ నర్సింగ్ దీన్ని చదివి వినిపించి, వేలిముద్ర వేయమన్నాడు. కాగితం మీద ఉన్నదే చదివాడో, నేను చెప్పింది గుర్తుపెట్టుకుని అప్పజెప్పాడో నాకెట్లా తెలుస్తుంది? నాకు చదువు వచ్చు, సంతకమూ వచ్చు. "నా అద్దాలియ్యుండ్రి, నేనే సదువుకుంట. లేకుంటే ముద్ర ఎయ్య" అన్నాను. ఈ మాట కూడా రాయమన్నాను. ఎస్ఐ గారు మేనేజరు దగ్గర్నుంచి తాళంచెవి తెప్పించి పెట్టె తెరిపించారు. అద్దాలు ఉన్నాయి.

పెట్టుకుని మొదటి నుంచి చదివాను. రెండో పేజీలో ఒకచోట "ఆశ్రమానికి చెందిన పెట్టె" అని ఉంది. నేను అలా చెప్పలేదు. అది కొట్టేయించి "నా పెట్టె" అని రాయించి, పక్కన నర్సింగ్‌తో సంతకం చేయించాను. తక్కినదంతా నేను చెప్పినట్టే ఉంది, అంతా నిజం. ఒకరు చదివితే విని కాదు, నా కళ్లతో చూసుకుని సంతకం చేస్తున్నాను.

అద్దాలు సాక్ష్యం కాబట్టి తిరిగి పెట్టెలో పెట్టమన్నారు. పెట్టలేదు.

(సంతకం) గ్రేసమ్మ