వరస తప్పని చదువు

తొంభై ఒకటి ఎండాకాలం, రేపల్లెలో చర్చి వరండా. వయోజన విద్య పరీక్ష పెట్టడానికి సంజీవరావు మాస్టారు తెనాలి నుంచి బస్సెక్కి వచ్చాడు. ఎదురుగా చాప మీద ఆస్పత్రి ఆయా కృపమ్మ, మధ్యలో ఇంగ్లీషు పేర్ల చీటీలంటించిన ఒకే రంగు మందు సీసాలు నాలుగు. నేర్పిందీ ఆయనే, పరీక్ష పెట్టేదీ ఆయనే. తప్పించుకునే దారి ఇద్దరికీ లేదు.

“మళ్లీ చదువు కృపమ్మా. తొందరేం లేదు.”

“చదివాను గదండీ మాస్టారూ. కాఫ్ మిక్చర్, ఫీవర్ మిక్చర్, ఐ లోషన్, పాయిజన్. కాఫంటే దగ్గు, పాయిజనంటే పుండ్లకి పూసేది, తాగకూడదు.”

“గడగడా చెప్పావు. సీసాలు తారుమారు చేశాను, చూశావా?”

“ఎప్పుడండీ?”

“నువ్వు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నప్పుడు.”

“అదేంటండీ, ప్రార్థనప్పుడు అట్టా చేస్తారా ఎవరన్నా?”

“ఈ సీసా మీద వేలు పెట్టు. ఏముంది?”

“మొదటిది గదండీ. కాఫ్ మిక్చర్.”

“పాయిజన్ అని ఉందమ్మా.”

“మొదటిదే గదండీ మరి.”

“సరే, పోనీ. లెక్క చెప్పు. సీసాలో వంద ఎమ్మెల్. పూటకి ఐదు, రోజుకి మూడు పూటలు. ఎన్నాళ్లొస్తుంది?”

“ఆరు రోజులు, పైన రెండు పూటలు.”

“బాగుంది. పూటకి పది పోస్తే?”

“ఆరు రోజులు, పైన రెండు పూటలు.”

“ఎక్కువ పోస్తే తొందరగా అయిపోదూ?”

“మీరు చెప్పింది ఆరేనండి. మీ మాట నేను మారుస్తానా?”

“కృపమ్మా, ఇదేమన్నా చర్చిలో కన్ఫర్మేషన్ క్లాసనుకున్నావా, అడగ్గానే జవాబు అప్పజెప్పడానికి?”

“ఆ ప్రశ్నలూ జవాబులూ వల్లె వేయించింది మీరేగా. ఒక్క ముక్క వరస తప్పలేదని పాస్టరు అయ్యగారు అందరిముందూ మెచ్చుకున్నారు. ఇదీ అట్టాగే నేర్పారు.”

“అట్టాగే నేర్పాను. నాకు చేతనయింది అదొక్కటే.”

“ఫెయిల్ చేస్తారేంటి?”

“ఏం చెయ్యమంటావు, నువ్వే చెప్పు.”

“చదువొచ్చిన ఆయాల్నే ఉంచుతానన్నారండి డాక్టరమ్మగారు. మా ఆయన మంచం దిగడు. ఈ మోకాళ్లతో మళ్లీ నాట్లకి పోలేనండి.”

“తెలుసు.”

“తెలిస్తే పాసని రాయండి.”

“రాస్తే రేపు ఎవరికన్నా ఏదన్నా అయితే?”

“ఏం కాదండి. ఆస్పత్రి మందుల బీరువాలో సిస్టరుగారు సర్దిన వరస ఎప్పుడూ ఒకటే. దగ్గు, జ్వరం, కన్ను, పుండు. చీకట్లో అయినా తీసిస్తాను.”

“వరస మారితే?”

“ఎందుకు మారుద్దండీ?”

“ఏడవకు. కళ్లు తుడుచుకో ముందు. వచ్చేవారం నుంచి మళ్లీ మొదలుపెడదాం, ఒక్కొక్క అక్షరం. వల్లించడాలు లేవు.”

“మీరెట్టా చెబితే అట్టాగే. మరి ఇవాళ?”

“ఇవాళ్టికి పాసని రాస్తున్నాను. దేవుడు నన్ను క్షమించాలి.”

“మీ పిల్లలు చల్లగా ఉండాలి మాస్టారూ. పొద్దుట్నుంచి ఒకటే తలనొప్పి, ఇప్పటికి తగ్గింది. ఈ పరీక్ష బెంగ ఒకటీ, ఆ సున్నం ఘాటొకటీ.”

“సున్నమేంటి?”

“నిన్న వార్డుకి సున్నం వేశారండి.”

“మరి బీరువా?”

“సీసాలన్నీ తీసేసి, బీరువా వరండాలో పెట్టారండి. రాత్రి మళ్లీ లోపల పెట్టేశారు.”

“సీసాలెవరు సర్దారు? సిస్టరుగారేనా?”

“ఆవిడ సెలవులో ఉన్నారు గదండీ, బాపట్ల వెళ్లారు. సున్నం వేసినోళ్లే సర్దుంటారు.”

“కృపమ్మా, నువ్వింకా ఆ బీరువా తియ్యలేదు గదా?”

“తియ్యకపోతే ఎట్టాగండీ? దగ్గోళ్లందరికీ పొద్దున్నే పోసి వచ్చాను, మొదటి సీసాలోదే.”